కొండమీది వారం

మా బావ ఏ లిఫ్టు బాగుచేసినా మూడుసార్లు తనే ఎక్కి దిగేవాడు. మొదటిసారి చప్పుడు వినడానికి. రెండోసారి అదురు తెలుసుకోవడానికి. మూడోసారి ఎందుకని అడిగితే, "మూడోసారి మామూలు మనిషిలా ఎక్కాలిరా. రేపు ఎక్కేవాళ్ళు మెకానిక్కులు కారు కదా" అనేవాడు. ఆ తర్వాతే కాగితం మీద సంతకం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన సంతకం పెట్టిన లిఫ్టుల్లో ఎవరికీ వేలు కూడా నలగలేదు. ఒక్క మా అక్క మాత్రం ఆ సంతకం వల్ల నష్టపోయింది. ఈ మాట కోపంగానే చెప్తున్నాను. ఆ కోపం ఎవరి మీదో నాకు ఇప్పటికీ తేలలేదు.

నేను వ్యాను నడుపుతాను. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు చేరవేయడం నా పని. అక్క నాకంటే పదేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే. అప్పట్లో అక్క సముద్రం ఒడ్డున ఉన్న ఒక పెద్ద సెలవుల భవనంలో గదులు శుభ్రం చేసేది. అది హోటలు కాదు. అక్కడ గదుల్ని వారాల లెక్కన అమ్ముతారు. ఒకే గదిని ఏడాది పొడుగునా తలా ఒక వారం చొప్పున బోలెడుమంది కొనుక్కుంటారు. ఎవరి వారం వస్తే వాళ్ళు వచ్చి ఉండి వెళ్ళిపోతారు. దాన్ని టైమ్‌షేర్ అంటారట. మేము మాత్రం 'వారం' అనే అనేవాళ్ళం. వారం లేనివాళ్ళు ఎంత ఇస్తామన్నా అక్కడ ఒక్క పూటకి గది దొరకదు. అదే కంపెనీకి ఇంకా చాలాచోట్ల భవనాలున్నాయి. ఒకచోట వారం ఉన్నవాళ్ళు ముందుగా చెప్పుకుని, దాన్ని మార్చుకుని మరోచోట ఉండొచ్చు. ఈ మార్పిడి సంగతి కాస్త గుర్తుంచుకోండి.

నాలుగో అంతస్తులో మూలగది అక్క వంతుకి వచ్చేది. మంచానికి ఎదురుగా గోడంత అద్దం, అద్దం నిండా సముద్రం. ఉతికిన దుప్పటిని రెండు చేతులతో పట్టుకుని పైకి విసిరితే ఒక్క క్షణం సముద్రం కనపడకుండా పోయేదట. దుప్పటి మంచం మీద వాలగానే మళ్ళీ కనపడేదట. "రోజూ అదే ఆట రా" అనేది అక్క. పనివాళ్ళు మంచం మీద కూర్చోకూడదు. కూర్చుంటే ఉద్యోగం ఊడినట్టే. అన్నేళ్ళు ఆ మంచానికి దుప్పట్లు మార్చిన మనిషి ఒక్కసారి కూడా దాని అంచున ఆనలేదు.

మంచం చూస్తే మనుషులు తెలిసిపోతారని అక్క కబుర్లు చెప్పేది. పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళాల దిండ్లు చెరో మూలకి పోయి ఉంటాయట. పిల్లలు పడుకున్న చోట బిస్కెట్ పొడి తప్పకుండా ఉంటుందట. "ఒక్కళ్ళే వచ్చినవాళ్ళు మంచం మధ్యలో పడుకుంటార్రా, హాయిగా కాళ్ళూ చేతులూ చాపుకుని. ఇద్దరుగా బతికి ఒక్కళ్ళయిపోయినవాళ్ళు మాత్రం ఒక పక్కకే పడుకుంటారు. రెండో పక్క దుప్పటి వేసింది వేసినట్టే ఉంటుంది." అక్కా వాళ్ళూ పాటలు పాడుకుంటూ పనిచేసేవాళ్ళట. అలాంటి మంచం కనిపించిన గదిలో మాత్రం ఎవరూ పాడేవాళ్ళు కాదట. "ఎవరూ వద్దనలేదురా. గొంతు రాదంతే" అనేది.

ఇక బావ సంగతి. ఒకరోజు అక్క దుప్పట్ల బండితో సహా లిఫ్టులో ఇరుక్కుపోయింది. వచ్చిన మెకానిక్ మా బావ. తలుపు తీసి, బాగుచేసి, "ఒక్క నిమిషం ఆగండి, నేను ఎక్కి చూస్తాను" అన్నాడట. ఒకసారి పైకెళ్ళి వచ్చాడు. రెండోసారి వెళ్ళి వచ్చాడు. అక్క బండి పట్టుకుని నిలబడే ఉంది. మూడోసారి, "మీరు కూడా రండి, మీకు భయం పోవాలి కదా" అన్నాడట. భయం పోయిందో లేదో గాని ఆ ఏడాదే పెళ్ళయిపోయింది. "ఆ మూడోసారి లేకపోతే నాకు ఈ మొగుడు తగిలేవాడే కాదు" అని అక్క దెప్పేది. బావ చెవులు ఎర్రబడేవి. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి కూడా ఎర్రబడేవి.

ఆ మూడుసార్ల వెనక ఇంకో సంగతి ఉంది. బావతో పాటు పని నేర్చుకున్న ఒకాయన, పొద్దుపోతోందని ఒక ఆసుపత్రి లిఫ్టుని ఎక్కి చూడకుండానే సంతకం పెట్టేశాడట. మర్నాడే అది కిందకి జారిపోయింది. లోపలున్న నర్సుకి రెండు కాళ్ళూ విరిగాయి. ఆమెని మోసుకుని బయటికి తెచ్చినవాళ్ళలో బావ ఒకడు. ఆ కేకలు చెవుల్లోంచి పోలేదని ఒక్కసారే చెప్పాడు నాతో. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

వాళ్ళకి పిల్లల్లేరు. రెండు గదుల అద్దె ఇల్లు, వంటగది కిటికీ పక్కన బావ పనిముట్ల పెట్టె, ముందుగదిలో అక్క కుట్టుమిషను. నా పిల్లలు సగం రోజులు అక్కడే పెరిగారు. బావ ఉద్యోగం మానేసే వేళకి అక్కకి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గే అనుకున్నాం. మెట్లెక్కితే ఆయాసం, బకెట్ ఎత్తితే ఆయాసం, చివరికి మాట్లాడితే ఆయాసం. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయన్నాడు డాక్టరు. ఆ గదుల్లో అన్నేళ్ళు పీల్చిన ఘాటు మందుల వల్లేమో అని నేను అడిగాను. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాడు. "ఎత్తైన చోట్లకి తీసుకెళ్ళకండి. కొండల మీద గాలి పలచగా ఉంటుంది, ఆవిడ తట్టుకోలేరు. సముద్రం ఒడ్డయితే ఫర్వాలేదు."

ఆ సాయంత్రం బావ అక్కని అడిగాడు. "నీకు ఏం చెయ్యాలనుంది, చెప్పు." ఇన్నేళ్ళలో ఆయన అలా అడగడం, అక్క జవాబు చెప్పడం నేను చూడ్డం అదే మొదలు.

"ఆ మూలగదిలో ఒక్కసారి పడుకుని లేవాలనుందండీ" అంది అక్క. "లేచాక మంచం సర్దకుండా అలాగే వదిలేసి బయటికి వచ్చెయ్యాలి. ఇంకెవరో వచ్చి సర్దాలి."

అంతే. బంగారం అడగలేదు, మేడ అడగలేదు. నిద్ర లేచిన మంచం మరొకళ్ళు సర్దాలంది.

సముద్రం దగ్గర వారం కొనడం మా వల్ల అయ్యే పని కాదు. కంపెనీ దగ్గర కొత్తది కొనాలంటే ఆ ధర వింటేనే కళ్ళు తిరిగాయి. పాతవి అమ్మేవాళ్ళు అక్కడ ఒక్కళ్ళూ లేరు. కానీ చెప్పుల దుకాణం మేడమీద ఆఫీసు పెట్టుకున్న ఒక ఏజెంటమ్మ దారి చూపించింది. కంపెనీకే కొండమీద ఇంకో భవనం ఉంది. అక్కడ వానాకాలం వారాలు ఎవరికీ అక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులతో కొండెక్కలేని ఒక రిటైర్డ్ మేష్టారు తన వారం చవగ్గా వదిలించుకోవాలని చూస్తున్నారు. అది కొనుక్కుని, సముద్రం దగ్గరికి మార్పిడి పెట్టుకుంటే సరి. కొండ ఎక్కే అవసరమే లేదు.

"ఇవాళే సంతకం పెట్టెయ్యండి అన్నయ్యగారూ" అంది ఏజెంటమ్మ. "కంపెనీవాళ్ళు ఏదో కొత్త రూలు తెస్తారంటున్నారు. పాత వారాలు కొన్నవాళ్ళకి మార్పిడి తీసేస్తారట. ఎప్పుడన్నది తెలీదు. ముందే మన పేరు ఎక్కించుకుంటే గొడవ లేదు."

బావ కళ్ళజోడు పెట్టుకుని కాగితమంతా చదివాడు. చివరి పేజీలో వేలు ఆపాడు. "'గదినీ, భవనంలోని సౌకర్యాలనీ స్వయంగా చూసుకున్నాను, అన్నీ సక్రమంగా ఉన్నాయి' అని రాసుందమ్మా ఇక్కడ."

"అది ఊరికే రాస్తారండీ. ఎవరూ చదవరు కూడా."

"నేను చూడలేదు కదమ్మా" అన్నాడు బావ, కలం మూత పెట్టేసి.

మెట్లు దిగుతూనే నేను అందుకున్నాను. "బావా, మీకేమైనా పిచ్చా? మనం ఉండేది ఆ కొండమీదా?"

"కొనేది ఆ గదినే కదా."

"ఆవిడ ఏదో రూలు వస్తోందంటోంది!"

"అమ్మేవాళ్ళు ఎప్పుడూ తొందరపెడతారురా. నాకు లిఫ్టు సామాన్లు అంటగట్టినవాళ్ళందరూ ఇదే మాట అన్నారు" అని నవ్వాడు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. చెవిన వేసుకుంటేనా!

రెండు రోజుల తర్వాత నా వ్యాన్‌లోనే కొండెక్కాం. గది బాగానే ఉంది. కొళాయిలన్నీ తిప్పి చూశాడు, కిటికీ గడియలు వేసి తీశాడు, మంచం కింద వంగి చూశాడు. నేను ఇంక అయిపోయిందనుకుని తాళాలు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు లిఫ్టు ఎక్కాడు. మూడో అంతస్తులో అది గడపకి వేలెడు కిందగా ఆగుతోంది. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ అలాగే ఆగింది.

"ముసలాళ్ళు తట్టుకుని పడిపోతారు" అన్నాడు అక్కడి మేనేజరుతో. "పనిముట్లు వ్యాన్‌లో ఉన్నాయి, నేను చేసిపెడతాను. డబ్బులక్కర్లేదు."

బయటివాళ్ళు ముట్టుకోకూడదని మేనేజరు నీళ్ళు నమిలాడు. వాళ్ళ మెకానిక్ వచ్చి చేస్తాడట. ఎప్పుడంటే, వచ్చినప్పుడు. బావ సంతకం పెట్టలేదు. దారి పొడుగునా నేను అరుస్తూనే ఉన్నాను. ఆ లిఫ్టు మనం ఎక్కేది లేదు, దిగేది లేదు, మనకెందుకు అని. "ఎక్కేవాళ్ళున్నారుగా" అని ఒక్క ముక్క అని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటి దగ్గర అక్క కూడా అడిగింది, ఎందుకు ఆలస్యమని. లిఫ్టు అన్నాడు బావ. అక్క ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఆవిడకి లిఫ్టు అంటే చాలు.

అక్కడి మెకానిక్ రావడానికి పన్నెండు రోజులు పట్టింది. బాగయిందని ఫోను రాగానే మళ్ళీ కొండెక్కాం. మూడుసార్లు ఎక్కి దిగాడు. మూడోసారి నన్ను కూడా ఎక్కించాడు. లిఫ్టు గడపకి సమంగా, మెత్తగా ఆగింది. వ్యాను ముందు భాగం మీద కాగితం పరిచి సంతకం పెట్టాడు. ఎండ ఎక్కువగా ఉంది, ఆ రేకు వేడికి చెయ్యి చురుక్కుమంటున్నా తొందరపడకుండా పేరంతా రాశాడు. కొండ దిగేటప్పుడు ఈల వేశాడు. బావ ఈల వెయ్యగలడని నాకు అప్పుడే తెలిసింది. ఏజెంటమ్మ ఆ కాగితాల్ని ఆ రోజే కంపెనీకి పంపింది. వాళ్ళు పేరు ఎక్కించుకోవడానికి ఇంకో రెండు వారాలు పట్టింది.

ఆ రెండు వారాలూ అక్క ఇంట్లో సందడే సందడి. కొత్త నైటీ కుట్టుకుంది. బ్యాగు సర్దింది, తీసింది, మళ్ళీ సర్దింది. "అక్కడికెళ్ళి మంచం సర్దకుండా ఉండగలవా నువ్వు? ఇక్కడ ప్రాక్టీసు చెయ్యి" అని బావ ఉడికించాడు. మర్నాడు పొద్దున పక్క అలాగే వదిలేసి వంటగదిలోకి వెళ్ళిందట. టీ కాచిందో లేదో మళ్ళీ వచ్చి గుమ్మంలోంచి మంచం వైపు చూసిందట. ఇంకోసారి వచ్చి చూసిందట. పది కాకముందే దుప్పటి మడతపెట్టేసింది. బావ పడీ పడీ నవ్వాడు. అక్క కూడా నవ్వబోయి, ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడింది.

కాంట్రాక్టు చేతికి రాగానే సముద్రం దగ్గర గది రాయించుకుందామని నేనూ బావా కంపెనీ ఆఫీసుకి వెళ్ళాం. చల్లటి గది, మెత్తటి కుర్చీలు, గోడ మీద నవ్వుతున్న కుటుంబాల బొమ్మలు. కౌంటర్లో ఉన్నావిడ నంబరు కొట్టి చూసి, మొహం కొంచెం మార్చుకుంది.

"ఇది చేతులు మారిన కాంట్రాక్టు కదండీ. కొత్త రూలు ప్రకారం వీటికి మార్పిడి లేదు. కొండమీది భవనంలోనే ఉండాలి."

"ఎప్పటినుంచమ్మా ఆ రూలు?" అడిగాడు బావ.

ఆవిడ చెప్పింది. మా పేరు వాళ్ళ పుస్తకంలో ఎక్కడానికి నాలుగు రోజుల ముందు నుంచి. అంతకుముందు ఎక్కినవాళ్ళందరికీ పాత పద్ధతే. సంతకం ఎప్పుడు పెట్టినా లెక్కలోకి రాదు, పేరు ఎప్పుడెక్కిందన్నదే లెక్క.

నేను ఒంటికాలి మీద లేచాను. మా అక్క కొండెక్కితే చచ్చిపోతుందని అరిచాను. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పారు. గోడ మీద అంటించిన నోటీసులో 'మా విలువైన సభ్యుల మేలు కోసం' అని రాసుంది. ఎవరి మేలో తెలుసుకోవడానికి పెద్ద చదువక్కర్లేదు. పాతవి చవగ్గా దొరుకుతుంటే వాళ్ళ దగ్గర కొత్తవి కొనేదెవరు? అందుకని పాతవాటికి కాళ్ళు విరగ్గొట్టారు. డాక్టరు కాగితం తెస్తామన్నాను. రూలులో అలాంటి వెసులుబాటు లేదంది. మేష్టారి పేరుకే తిరిగి మార్చేస్తే ఆయన అతిథులుగా వెళ్తామన్నాను. మళ్ళీ మార్చినా అది చేతులు మారినట్టేనంది. నిజానికి ఆవిడ మంచిదే. గొంతు తగ్గించి, "ఒక్క వారం ముందు పంపించి ఉంటే అయిపోయేదండీ" అంది.

"అవునమ్మా" అన్నాడు బావ. "అప్పటికి లిఫ్టు బాగవలేదు."

ఆవిడకి ఏం అర్థమవుతుంది పాపం. తల ఊపింది.

వ్యాన్‌లో కూర్చున్నాక నేను నోరు అదుపులో పెట్టుకోలేకపోయాను. "ఆ సంతకాన్ని ఫ్రేము కట్టించుకోండి బావా, ముందుగదిలో పెట్టుకుందురుగాని" అన్నాను. ఇంటి సందు మలుపు దగ్గర ఆయన, "తనకి నేనే చెప్తాను. నువ్వు చెప్పకు" అన్నాడు.

అక్క మంచం మీద బ్యాగు పెట్టుకుని కూర్చుని ఉంది. బావ పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. రూలు గురించి, నాలుగు రోజుల గురించి. తన తప్పేనన్నాడు.

"ఇంతకీ ఆ లిఫ్టు బాగయిందా?" అంది అక్క.

"అయింది."

"మూడుసార్లు ఎక్కారా?"

"ఎక్కాను."

"సరే అయితే." బ్యాగులోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టడం మొదలుపెట్టింది. కొత్త నైటీని అన్నిటికంటే అడుగున పెట్టింది. మా అక్క ఏడవలేదు. నేను వంటగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను. బావ ఆ మంచం మీదే, అలాగే, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు. ఆ తర్వాత ఆయన ఈల వెయ్యడం నేను ఎప్పుడూ వినలేదు.

కంపెనీకి అర్జీలు పెట్టాం. మా విన్నపాన్ని జాగ్రత్తగా పరిశీలించామనీ, చింతిస్తున్నామనీ జవాబులు వచ్చాయి. ఏజెంటమ్మ దగ్గరికి వెళ్తే ఆఫీసుకి తాళం. మార్పిడి లేని వారాలు ఎవరు కొంటారు? ఆవిడ బతుకుతెరువు కూడా పోయింది.

చివరికి నేనే పట్టుబట్టి, వ్యాన్‌లో వెనక పరుపు వేసి, ఇద్దర్నీ సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాను. లోపలికి రానివ్వకపోయినా కనీసం చూస్తుందని. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"ఇక్కడ పనిచేశాను బాబూ, ఒక్కసారి చూసి వచ్చేస్తాను" అంది అక్క.

"పనివాళ్ళ గేటు వెనకుందమ్మా" అన్నాడతను. పాపం, మర్యాదగానే అన్నాడు.

అక్క పగలబడి నవ్వింది. దగ్గొచ్చి, కళ్ళ నీళ్ళొచ్చి, బావ వీపు నిమిరితేగాని ఆగలేదు. "గేటు కూడా మార్చలేదండీ వీళ్ళు" అంది.

ఇసుకలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. సముద్రం వైపు కాదు, భవనం వైపు తిప్పమంది. నాలుగో అంతస్తు చివర మూలగది. ఎవరో బాల్కనీ రెయిలింగ్ మీద తువ్వాలు ఆరేశారు. "చూశారా! అక్కడ ఆరెయ్యకూడదు. ఎగిరి కింద పడితే మా జీతంలో కోసేవాళ్ళు. ఇప్పుడు అడిగేవాళ్ళే లేరు" అని కోప్పడింది. ఇంతలో అద్దం వెనక ఎవరో కదిలారు. తెల్లటి దుప్పటి ఒకటి పైకి లేచింది, ఒక్క క్షణం అద్దమంతా తెల్లబడింది, దుప్పటి వాలిపోయింది. ఒళ్ళో ఉన్న అక్క చేతులు రెండూ పైకి లేవబోయి ఆగాయి. బావ అది చూశాడు. చూసి, మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు.

"పోదాం పదండి" అంది అక్క. "గాలి ఎక్కువగా ఉంది."

వానలు మొదలవకముందే అక్క పోయింది. ఆఖరి రోజుల్లో కూడా మంచం దిగి నిలబడగలిగితే చాలు, దుప్పటి అంచులు లాగి సర్దేది. పోయిన రోజు పొద్దున మాత్రం లేవలేకపోయింది. ఆ పక్క బావే సర్దాడు.

వానాకాలంలో కొండమీది వారం వచ్చింది. తను వెళ్తానన్నాడు బావ. నాకు ఒళ్ళు మండింది. ఏ వారం వల్ల అక్క కోరిక తీరలేదో ఆ వారం ఎందుకన్నాను. "మా ఇద్దరి పేరు మీదా ఉంది" అన్నాడు. నేను వస్తానంటే వద్దన్నాడు. బస్సెక్కి ఒక్కడే వెళ్ళాడు. చివరి రోజు పొద్దున తీసుకెళ్ళడానికి రమ్మన్నాడు.

వెళ్ళాను. వాన సన్నగా పడుతోంది. లిఫ్టు మూడో అంతస్తులో గడపకి సమంగా ఆగింది. గది తలుపు ఓరగా తీసే ఉంది. బావ తయారై ఉన్నాడు, బ్యాగు కుర్చీ మీద ఉంది. ఆయన మాత్రం మంచం మీదకి వంగి ఏదో చేస్తున్నాడు. నన్ను చూడలేదు.

మంచానికి కుడిపక్క నలిగి ఉంది. ఎడమపక్క దుప్పటి వేసింది వేసినట్టే ఉంది. బావ అరచేత్తో ఎడమవైపు దిండుని మధ్యలో నొక్కాడు. వెనక్కి జరిగి చూశాడు. తృప్తి కలిగినట్టు లేదు. ఆ పక్కన కూర్చుని, దిండు మీద తల వాల్చి, లేచి, కాళ్ళ దగ్గర దుప్పటిని కొంచెం లాగాడు. మళ్ళీ చూశాడు. ఆ తర్వాత గుమ్మం దాకా వచ్చి, ఆ గదిలోకి అప్పుడే అడుగుపెట్టే మనిషిలా మంచం వైపు తిరిగి చూడబోతూ నన్ను చూశాడు.

"ఏంటి బావా ఇది?"

"మీ అక్క సర్దకుండా వదిలెయ్యాలంది కదరా" అన్నాడు.

వరండాలోంచి పాట వినిపించింది. దుప్పట్ల బండి తోసుకుంటూ నడివయసు మనిషి ఒకావిడ వచ్చింది. లోపలికి వస్తూనే మంచం వైపు చూసింది. ఒక పక్కే నలిగిన మంచం ముందు అక్కా వాళ్ళకి గొంతు రాకపోవడం అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"అమ్మగారు ఇవాళ కూడా ముందే కిందకి దిగారా?" అంది ఆవిడ.

"ఆఁ, దిగింది" అన్నాడు బావ.

ఆవిడ ఆపిన చోటునుంచి పాట మళ్ళీ అందుకుంది. రెండు దిండ్ల గలీబులూ లాగేసింది, నలిగిన దుప్పటి తీసి బండిలో పడేసింది, కొత్తది రెండు చేతులతో పట్టుకుని పైకి విసిరింది. బావ బాల్కనీ గడపలో మాకు వీపు పెట్టి నిలబడి, ఆ పాట అయిపోయేదాకా కదలలేదు.

వ్యాను సగం కొండ దిగింది. అద్దం తుడిచే పుల్లలు కిర్రుకిర్రుమంటున్నాయి.

"ఏడు రోజులూ పాడిందిరా" అన్నాడు బావ.